మోతీ సముద్రస్నానం, సాంబయ్య జంపఖానా

మా మోతీకి గజ్జి పట్టకపోయి ఉంటే మేము సముద్రం చూసేవాళ్ళమే కాదు. గంధకం కలిపిన కొబ్బరినూనె మూడు నెలలు రాసినా తగ్గలేదు. చివరికి పశువుల దవాఖాన కాంపౌండరు, ఉప్పునీళ్ళలో నాలుగు మునకలు వేయిస్తే దెబ్బకు పోతుందన్నాడు. ఆయన మాటవరసకే అన్నాడేమో, మా సుధాకర్ మాత్రం ఆ మాట పట్టుకొని వదలలేదు. వాడికి కరెంటాఫీసులో ఉద్యోగం, సెలవులు బోలెడు మిగిలి ఉన్నాయి. చీరాల దగ్గర వాడరేవులో సముద్రం ఒడ్డునే ఒక హోటలుందని ఎవరో చెప్పగా విన్నాడు. కుక్క వంక పెట్టుకొని మనమూ తిరిగి రావచ్చునని వాడి ఆలోచన.

ఇది ఎనభై ఒకటో రెండో. నాది వరంగల్ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం. మూడు రోజులు దుకాణం వదిలి వెళ్తానంటే నాన్న ఒప్పుకున్నాడంటే అది నా మీద ప్రేమతో కాదు, మోతీ మీద ప్రేమతో.

మాలో మూడోవాడు సాంబయ్య. మా ఊళ్ళోనే కాశిబుగ్గలో జంపఖానాలు నేస్తాడు. ఆరో తరగతి నుంచి మేము ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. అప్పటికి రెండు నెలలుగా నూలు దొరక్క సాంబయ్య మగ్గం నిలిచిపోయి ఉంది. ఎవరైనా పెద్ద బేరం ఒప్పుకొని కొంత ముందుగా ఇస్తే తప్ప మళ్ళీ నడిచేలా లేదు. పని లేని ఆ సాయంత్రాలు మా దుకాణానికి వచ్చి మోతీకి నూనె రాస్తూ కూర్చునేవాడు. కుక్క పేరుకే నాది, మాట వినేది సాంబయ్య మాటే.

సముద్రం అనగానే అతని మొహం వెలిగిపోయింది. ఇంట్లో అడుగూబొడుగూ మిగిలిన నూలంతా పోగుచేసి నాలుగు రోజుల్లో ఒక జంపఖానా నేసుకొచ్చాడు. ఎరుపూ నీలం పట్టీలు, చుట్టూ ఆకుపచ్చ అంచు. "ఇసుకల మనం ముగ్గురం కూసుంటే మోతీకి గూడ జాగ మిగలాలె" అని కొలత చూసుకొని మరీ నేశాడట. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బాగుందన్నాను.

మాఘమాసం, చలి ఇంకా పోలేదు. ఉదయం ఐదింటికే స్టేషనుకు చేరాం, ఎందుకంటే కుక్కకు టికెట్టు పార్సిల్ ఆఫీసులో తీసుకోవాలి, అక్కడి గుమాస్తా నిద్ర లేవాలి, రసీదు పుస్తకం దొరకాలి. కుక్క టికెట్టు మాలో ఒక్కొక్కరి టికెట్టు కంటే ఎక్కువైంది. కుక్క మనతోపాటు పెట్టెలో కూర్చోవడానికి వీల్లేదు, చిట్టచివర గార్డు డబ్బాలో దానికి వేరే ఇనుప అర ఉంటుంది. నేను పిలిస్తే మోతీ అందులోకి వెళ్ళలేదు. సాంబయ్య ముందు తన తల లోపల పెట్టి చూపిస్తే వెళ్ళింది.

ఆరుంబావుకు ప్యాసింజరు కదిలింది. నెక్కొండలో సాంబయ్య అక్క ఎల్లవ్వ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. కిటికీలోంచి బియ్యప్పిండి సర్వప్పల మూట అందించి, తమ్ముణ్ణి నీళ్ళలో లోపలికి పోనీయవద్దని మా ఇద్దరికీ మరీ మరీ చెప్పింది. ఫికర్ చెయ్యకక్కా, మేం చూసుకుంటం అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే, సుధాకర్ కాదు.

ప్రతి స్టేషన్లోనూ బండి ఆగీ ఆగకముందే సాంబయ్య దిగి గార్డు డబ్బా దాకా పరుగెత్తేవాడు, మోతీకి నీళ్ళు పట్టి, బండి కదులుతుంటే వచ్చి ఎక్కేవాడు. మా ఎదురుగా ఖమ్మం వెళ్తున్న ఒక ముసలమ్మ ఇదంతా చూసి సంగతేమిటని అడిగింది. చెప్పాం. "మేమే ఇంక సముద్రం మొకం సూడకపోతిమి, కుక్క ఎంత పుణ్యం చేసుకున్నదో బిడ్డా" అంది. డబ్బాలో అందరూ నవ్వారు. సర్వప్పలు ఆవిడకూ పెట్టాం.

బెజవాడలో దిగేసరికి ఒంటిగంట దాటింది. స్టేషను బయట భోజనం చేసి, పార్సిల్ ఆఫీసులో మళ్ళీ రసీదు రాయించుకొని రెండున్నరకు ఇంకో ప్యాసింజరు ఎక్కాం. తెనాలి, బాపట్ల దాటి చీరాల చేరేసరికి ఐదున్నర. వాడరేవు బస్సు కండక్టరు కుక్కను ఎక్కించనన్నాడు. జట్కా మాట్లాడుకున్నాం. సరుగుడు తోటల మధ్య మలుపు తిరిగాక ఒక్కసారిగా హోరు వినిపించింది. సాంబయ్య జట్కా ఆపించి దిగి, చెవి ఒగ్గి విన్నాడు. "నూరు మగ్గాలు ఒక్కపారి ఆడినట్టున్నదిరా" అన్నాడు. మేము దాన్ని వెక్కిరించాం గానీ ఆ మాట నాకింకా గుర్తుంది.

హోటలు రెండంతస్తుల పాత మేడ. పై గదులకు సముద్రం వైపు వరండా, పేము కుర్చీలు. మేనేజరు మర్యాదస్తుడే. "కుక్కని గదుల్లోకి రానివ్వమండి. వెనకాల పనివాళ్ళ గది ఒకటుంది. మీ నౌకరు దాంతోపాటు అక్కడ పడుకునేట్టయితే మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఆయన చూపు సాంబయ్య మీద ఉంది. సాంబయ్య లుంగీ కట్టుకొని, భుజాన తువ్వాలతో, చేతిలో తాడు పట్టుకొని నిలబడ్డాడు. మోతీ అతని కాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది.

మేం ముగ్గురం స్నేహితులమండీ, వంతులవారీగా పడుకుంటాం అని చెప్పి ఉండొచ్చు. కానీ అంత పొద్దుపోయాక ఇంకో చోటు వెతుక్కోవాల్సి వస్తుందేమోనని భయమేసింది. "అవునండీ, కుక్క కోసమే వెంట తెచ్చుకున్నాం" అన్నాను. రిజిస్టరు నా ముందుకు జరిపాడు. గదికి ఇద్దరు, నౌకరు ఒకడు, కుక్క ఒకటి అని నా చేత్తోనే రాశాను.

ఆయన అటు తిరగగానే సాంబయ్య నా చెవి దగ్గరకొచ్చి, "జీతమెంతిస్తవు సేటూ?" అన్నాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఒక్క రాత్రే కదా, రేపు సుధాకర్ వంతు అనుకున్నాం. సాంబయ్య సంచీ భుజాన వేసుకొని మోతీతో వెనక్కి వెళ్ళిపోయాడు. మాకు పైన వేడి అన్నం, చేపల పులుసు వచ్చాయి. అతనికి పళ్ళెం వెనక్కే పంపించారు.

మర్నాడు నేను లేచేసరికి ఏడయింది. వరండాలోంచి చూస్తే దూరంగా నడుంలోతు నీళ్ళలో సాంబయ్య, అతని చేతుల్లో మోతీ. కెరటం వచ్చినప్పుడల్లా కుక్కను పైకెత్తి, అది వెళ్ళిపోయాక ముంచుతున్నాడు. ఇద్దరూ అరుస్తున్నారు. పేము కుర్చీలో కాళ్ళు చాపుకొని కాఫీ తాగుతూ ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. సుధాకర్ వంతు సంగతి ఆ పొద్దున ఎవరూ ఎత్తలేదు. సాంబయ్య కూడా ఎత్తలేదు. అతను ఎత్తాలని నేను చూశానని ఇప్పుడనిపిస్తుంది.

సాయంత్రం నాలుగింటికి జంపఖానా ఇసుకలో పరిచాం. ముగ్గురం కూర్చున్నాం, మోతీకి నిజంగానే చోటు మిగిలింది. ఇంకా పది నిమిషాలు కాలేదు, పక్క గదిలో దిగిన గుంటూరు పెద్దమనిషి, ఆయన భార్య అటుగా నడిచొచ్చారు. ఆయన ఏదో హాస్టలుకు వార్డెనట. పొద్దున వరండాలో పలకరించుకున్నాం. వాళ్ళను చూడగానే సాంబయ్య లేచి నిలబడ్డాడు. మేనేజరు చూస్తే బాగుండదని లేచాడు పాపం. వాళ్ళొచ్చి ఆ చోట్లో కూర్చున్నారు.

ఆవిడ దాహంగా ఉందంది. "సాంబయ్యా, పోయి అమ్మగారికి నీళ్ళు తే" అన్నాను.

ఇది చెప్పకుండా వదిలేద్దామనుకున్నాను. ఆ నాటకం మేనేజరు ముందు అవసరం, ఇక్కడ అవసరం లేదు. సుధాకర్‌ను పంపొచ్చు, నేనే వెళ్ళొచ్చు. పైగా ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు మా నాన్న దుకాణంలో కూలివాణ్ణి పిలిచే గొంతులా వచ్చింది. అది నాకు బాగుంది కూడా. సిగ్గు లేకుండా చెప్తున్నాను, బాగుంది.

సాంబయ్య నీళ్ళు తెచ్చిచ్చి, మోతీ తాడు పట్టుకొని కాస్త ఎడంగా నిలబడ్డాడు. వార్డెన్ గారు జంపఖానా అంచు వేళ్ళతో తడిమి, మడిచి, వెనకవైపు తిప్పి చూశాడు. నేత తెలిసిన మనిషిలా ఉన్నాడు. "ఇది ఎక్కడిదండీ? ఎవరు నేశారు? మా పిల్లలకి నలభై కావాలి. ఇలాంటి చెయ్యి దొరికితే ముందే బయానా ఇచ్చి నేయించుకుంటాను" అన్నాడు.

సాంబయ్య చెయ్యి మోతీ తల మీద ఆగిపోయింది. నేను చూశాను. అతను నా వైపే చూస్తున్నాడు. నలభై జంపఖానాలంటే వర్షాలు పడేదాకా మగ్గానికి పని. ఇదిగో ఇతనే అంటే చాలు. కానీ ఇతనే అంటే, నేనిప్పుడు నీళ్ళకు పంపింది ఎవర్నో చెప్పాలి. ఆవిడ చేతిలో గ్లాసు ఇంకా ఖాళీ కాలేదు.

"వరంగల్ బజార్ల కొన్ననండీ. ఎవరు నేసిండ్రో తెల్వదు" అన్నాను.

అయ్యో అన్నాడాయన. కాసేపు కూర్చొని వెళ్ళిపోయారు. సాంబయ్య మోతీని తీసుకొని నీళ్ళ అంచునే చాలా దూరం నడుచుకుంటూ పోయాడు. సుధాకర్ నన్ను తిట్టాడు. వచ్చిన బేరం చేతులారా పోగొట్టినవన్నాడు. నీ నోట్లో ఏమున్నదిరా, నువ్వెందుకు చెప్పలేదని నేనూ అరిచాను. రేపు పొద్దున్నే వార్డెన్ గారిని పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పేస్తానని వాడికి మాటిచ్చాను.

పొద్దున ఎనిమిదింటికి లేచాను. వాళ్ళు ఏడు గంటల బస్సుకే వెళ్ళిపోయారని మేనేజరు చెప్పాడు. రిజిస్టరులో ఆయన పొడి అక్షరాల సంతకం, పక్కన గుంటూరు అని మాత్రమే ఉంది. హాస్టలు పేరు మేనేజరుకూ తెలియదు. దాని పైన రెండు వరుసల్లో నా రాత కనిపించింది. నౌకరు ఒకడు.

తొమ్మిదింటికి బయల్దేరాం. చీరాలలో పదకొండింటి బండి, బెజవాడలో మూడింటి ప్యాసింజరు. తిరుగు దారిలోనూ సాంబయ్య ప్రతి స్టేషన్లో దిగి మోతీకి నీళ్ళు పట్టాడు. పక్కవాళ్ళతో మాట్లాడాడు, ఒకాయన అడిగితే సముద్రం ఎలా ఉంటుందో చక్కగా చెప్పాడు. మాతో మాత్రం అడిగినదానికి జవాబంతే. డోర్నకల్ దాటాక ఇక ఉండలేకపోయాను.

"ఆయనకు చెప్దామనే అనుకున్నరా" అన్నాను.

"ఎప్పుడు?" అన్నాడు సాంబయ్య. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

నెక్కొండ వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. బండి నెమ్మదిస్తుండగా సాంబయ్య సంచీ తీసుకొని లేచాడు. రెండు దినాలు అక్క దగ్గర ఉండొస్తానన్నాడు. వచ్చేటప్పుడు ఆ మాట లేదు. సంచీలోంచి జంపఖానా తీశాడు. ఇసుకంతా దులిపి నాలుగు మడతలు పెట్టి ఉంది. తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"కొన్న అన్నవు గద. ఇగ నీదే, ఉంచుకో."

నా చెయ్యి డబ్బుల జేబు మీదికి పోయింది. ఈ సంగతి ఇంతవరకు సుధాకర్‌కు కూడా చెప్పలేదు. సాంబయ్య నా చేతిని చూశాడు, చిన్నగా నవ్వాడు, దిగిపోయాడు. గార్డు డబ్బా దగ్గర ఆగి మోతీతో ఏదో చెప్పినట్టున్నాడు. బండి కదిలాక వరంగల్ దాకా చివరి డబ్బాలోంచి మోతీ మొరుగుతూనే ఉంది.

నెల తిరిగేసరికి మోతీ గజ్జి పూర్తిగా పోయింది, కొత్త బొచ్చు నిగనిగలాడింది. ఆ ఎండాకాలమే సాంబయ్య మగ్గం విప్పేసి, హసన్‌పర్తి దగ్గర బియ్యం మిల్లులో బస్తాలు మోసే పనిలో చేరాడు. దారిలో కనిపిస్తే సైకిలు దిగి మాట్లాడతాడు. మోతీ మంచిగున్నదా అని అడుగుతాడు. దుకాణంలోకి రారా అంటే, ఇంకోపారి వస్తలే అంటాడు. ఆ జంపఖానా మా బీరువాలో మడత విప్పకుండా ఉంది. మా ఆవిడ ఎన్నిసార్లు అడిగినా పరచనివ్వలేదు.

వాడరేవు మంచి చోటే. వెళ్ళాలనుకునేవాళ్ళు మాఘంలో వెళ్ళండి, అప్పుడు ఎండ చురుక్కుమనదు. కుక్క ఉంటే బండికి గంట ముందే పార్సిల్ ఆఫీసుకు చేరండి, బెజవాడలో రసీదు మళ్ళీ రాయించుకోవడం మర్చిపోవద్దు. హోటల్లో చేపల పులుసు బాగుంటుంది, పై వరండా కుర్చీలు సుఖంగా ఉంటాయి. కుక్కతో ఎవరు పడుకుంటారని మేనేజరు అడిగితే, నేనే అని చెప్పండి. దానికి వెనకాల ఒక గది ఇస్తారు. ఆ గది ఎలా ఉంటుందో మాత్రం నేను చెప్పలేను. రెండు రాత్రులున్నాం గానీ, ఒక్కసారైనా అటు వెళ్ళి చూడలేదు.