పొద్దున్నే అడ్డా మీద మా చిన్నాయన

మా పక్కింటి అమ్మాయి ఈమధ్యే ఒక పత్రికలో చేరింది. ఊరి వీధుల మీద, తిండి మీద, పండుగల మీద వారం వారం రాస్తుందట. మొన్న ఆదివారం ఫోన్ పట్టుకొచ్చి, టవర్ క్లాక్ దగ్గర పొద్దున్నే తీసిన ఫొటోలు చూపించి, ఏది వేస్తే బాగుంటుందో చెప్పమంది. టిఫిన్ బండి, పొగలు కక్కే పెనం, వాటి వెనక పని కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ అడ్డా కూలీలు. అన్నీ బాగున్నాయమ్మా అన్నాను గానీ, ఆ పిల్ల వెళ్లిపోయాక చాలాసేపు నా మనసు మనసులో లేదు.

నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. నేను చేరిన కాలంలో అనంతపురంలో ఆడపిల్ల విలేకరి అంటే జనం ఆగి చూసేవాళ్లు. జిల్లా ఎడిషన్‌లో వారానికొక పేజీ నాకు అప్పగించారు. మా ఇన్‌చార్జిని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. మనిషి మంచివాడే, నోరే కారం. కరువు సంగతి మొదటి పేజీ వాళ్లు చూసుకుంటారు, నీ పేజీ చదివితే నోరూరాలి, ఊరి మీద ఇష్టం పుట్టాలి అనేవాడు. సరేనని నేను పెళ్లిళ్ల కాలంలో ధర్మవరం చీరల అంగళ్ల ముందు సందడి గురించీ, నాటక సమాజాల రిహార్సళ్ల గురించీ, నేతి ఓళిగలు, అదే బొబ్బట్ల గురించీ రాసేదాన్ని. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ పేజీలను కత్తిరించి బీరువాలో దాచుకునే ఇళ్లు అప్పట్లో ఉండేవి.

మాది గుమ్మఘట్ట వైపు పల్లె. భూములున్న కుటుంబమే, కాకపోతే ఆ భూమంతా మబ్బును నమ్ముకున్న భూమి. వేరుశనగ వేయడం, సరిగ్గా ఊడలు దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేయడం, ఇదే వరస. ఎంత ఎండినా మావాళ్లు తెలిసినవాళ్ల కంటపడే చోట కూలికి పోరు. తప్పనిసరైతే మొహం ఎరగని ఊరికి పోతారు. అక్కడ ఖర్మకాలి మనవాళ్లెవరైనా ఎదురుపడితే, చూసినవాళ్లు చూడనట్టే తల తిప్పుకుని పోవాలి. అదే మర్యాద. ఆగి పలకరిస్తే పరువు తీసినట్టు లెక్క. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఆ ఇళ్లలో పెరిగితే అదే ఒంటబడుతుంది.

ఆ ఏడాది పంట మొత్తం పోయింది. చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, బళ్లారిలో ఏదో మండీలో గుమస్తాగా చేరాడని ఇంట్లో చెప్పారు. ఆయనకు పిల్లల్లేరు. ఆడపిల్లకు అంత చదువెందుకని నాయన అంటే, ఆయనతో పోట్లాడి నన్ను కాలేజీలో చేర్పించింది చిన్నాయనే. నేను పేపర్లో చేరినప్పుడు ఊరంతా తిరిగి చెప్పుకున్నదీ ఆయనే.

ఒకసారి టిఫిన్ బండ్ల మీద రాద్దామని ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని తెల్లవారగానే టవర్ క్లాక్ దగ్గరికి వెళ్లాను. బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసనకు నిజంగానే నోరూరుతోంది. కాస్త అవతల పారలు, తట్టలు పట్టుకుని అడ్డా కూలీలు నిలబడ్డారు. మేస్త్రీ ఒకడు వేలు చూపించి నువ్వు రా, నువ్వు రా అని ఏరుకుంటున్నాడు. ఆ వేలు ఒకచోట ఆగింది. అక్కడ ఉన్నది మా చిన్నాయన. పత్రికల వాళ్లు పది దాటితేగానీ ఇల్లు కదలరని అనుకున్నాడో ఏమో పాపం. నన్ను చూడగానే తలగుడ్డ మొహం మీదికి లాక్కున్నాడు. ఆ ఇంటి బిడ్డనే కదా, చప్పున తల తిప్పేసి, ఉగ్గాని బండి ఆమెను అవీ ఇవీ అడుగుతూ నిలబడ్డాను. మళ్లీ చూసేసరికి కూలీలను ఎక్కించుకుని ట్రాక్టరు వెళ్లిపోయింది, చిన్నాయన కూడా అక్కడ లేడు.

సాయంత్రం పేజీ పెట్టేటప్పుడు అన్నకు ఒకే ఫొటో నచ్చింది. ముందు ఉగ్గాని బండి, వెనక చిన్నాయన మొహం, తలగుడ్డ లాక్కోకముందు తీసింది, నిండుగా. నోరూరాలన్న మనిషే, జిల్లా కరువంతా ఈ మొహంలో ఉందని మురిసిపోతున్నాడు. మసకగా ఉందన్నాను, బండి సరిగ్గా పడలేదన్నాను. వినలేదు. తెల్లారితే ఆ పేపరు మా ఊరి హోటల్లో చేతులు మారుతుంది. ఇక దారిలేక, అందరూ వింటుండగానే, ఆయన మా చిన్నాయన అని చెప్పేశాను. ఊళ్లో పరువు కాపాడటానికి ఆఫీసులో దాన్ని బయటపెట్టుకోవలసి వచ్చింది. "ముందే చెప్పకూడదామ్మా, నేనేమన్నా పరాయోడ్నా?" అని అన్న ఆ ఫొటో తీయించి ఉగ్గాని పళ్లెం వేయించాడు.

ఆ పేజీకి వచ్చినంత పేరు నా రాతలకు మరెప్పుడూ రాలేదు. ఎవరు పొగిడినా ఒళ్లు మండేది. అయినా చిన్నాయన పరువు దక్కింది కదా అని సర్దిచెప్పుకున్నాను.

కొన్నాళ్లకు ఊరికి పోతే చిన్నమ్మ నా మొహం కూడా సరిగ్గా చూడలేదు. చిన్నాయన ఆ పొద్దే అనంతపురం వదిలేసి బెంగళూరు రైలెక్కాడట. "నేను పాపకు నామోషీ అయినాను, చూసి గూడా చూడనట్ల తిరుక్కున్యాది, ఇంగ ఆ ఊర్లో యాడుండేది అన్యాడు మీ చిన్నాయన. ఒక్క మాట పలకరించింటే నీ సొమ్మేం పోయేది మే?" అంది. ఆయన మర్యాద కోసమే అలా చేశానని ఏడుస్తూ చెప్పాను. "మర్యాద ఊరోళ్లకప్పా. నిన్ను కడుపున పుట్టిన బిడ్డ లెక్క సాకినాడే. బిడ్డకు నాయన దగ్గర ఏం మర్యాద?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన మరి అనంతపురం రాలేదు. బెంగళూరులో కడుతున్న ఇళ్ల దగ్గర కాపలా ఉంటూ అక్కడే కాలం వెళ్లదీశాడు. పెళ్లిళ్లలో కలిస్తే బాగానే మాట్లాడేవాడు, తిన్నావా అని అడిగేవాడు. ఈ వారం ఏం రాశావని మాత్రం మళ్లీ అడగలేదు. ఆ సంగతి ఎత్తడానికి నాకూ నోరు రాలేదు. చివరికి ఆయన అక్కడే పోయాడు. మనుషులను దగ్గర చేయాల్సిన చోట దూరం చేసిన ఆ మర్యాదంటే నాకు ఇప్పటికీ కోపమే.

అడ్డా ఇప్పుడూ అక్కడే ఉంది, ఇంకా పెరిగింది. తలగుడ్డ లాక్కునేవాళ్లు మాత్రం కనపడరు. భూములున్న ఇళ్ల మగవాళ్లు కూడా ఫోన్లో పెళ్లాంబిడ్డలకు మొహం చూపించి, ఈ పొద్దు పని దొరకలేదని బాహాటంగానే చెప్పుకుంటున్నారు. ఈ మార్పు నాకు ఇష్టమే, కాకపోతే మా ఇంటికి ఆలస్యంగా వచ్చింది. పొద్దున్నే నడకకు అటు వెళ్లినప్పుడు, ముక్కూమొహం తెలియని వాళ్లను కూడా ఏమన్నా, టీ తాగినావా అని పలకరిస్తుంటాను. వాళ్లు నవ్వి, తాగినామక్కా అంటారు. అంతపాటి మాటకే మా చిన్నాయన ఈ ఊళ్లో ఉండిపోయేవాడు.