అత్త జల్లించిన శాంపిలు

ఈ ఉదయం ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటుంటే పక్కనున్నాయన సెల్‌ఫోనులో వార్త చదివి వినిపించాడు. ఎక్కడో అధికారులు పురుగు పట్టిన పిండి బస్తాలు సీజ్ చేశారట. తినేవాళ్లందరూ చేతిలోని బజ్జీ వైపు అనుమానంగా చూశారు. నాకేమో మా మేనత్త గుర్తొచ్చి నవ్వు ఆగలేదు.

ఆదోనిలో మా మామకు శనగపిండి అంగడి ఉండేది. బజ్జీల బండ్లలో సగానికి పిండి ఆయనదే. ఒక వానాకాలం ముసురు పట్టి, వెనక వరుసలోని ఆరు బస్తాలకు పురుగు తగిలింది. పారబోయమని అత్త మొత్తుకుంది. "ఎండ గాస్తే అవే పోతాయి లేమే" అన్నాడు మామ. ఎండ రాలేదు, ఆహార భద్రతా అధికారి వచ్చాడు.

ఆయన పరీక్షకు పంపడానికి ఒక గిన్నెలో పిండి తీయించి, బస్తాలకు సీలు వేయించడానికి వెనక గదిలోకి వెళ్లాడు. పరీక్షలో తప్పితే అంగడి మూతే. మామ బాధ అది. అత్తది వేరే బాధ. మా ఇళ్లల్లో పక్కింటివాళ్లు గుప్పెడు పిండి అడిగినా జల్లించే ఇస్తారు. అలాంటిది సర్కారువాళ్లకు పురుగుల పిండా! సిగ్గుతో చచ్చిపోయి, గిన్నె లోపలికి తీసుకుపోయి జల్లెడ పట్టింది.

అధికారి తిరిగొచ్చి చూస్తే గిన్నెలో ఒక్క పురుగు లేదు. మామకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అందరూ గమ్మునుంటే గండం గడిచేదే. మా అత్త ఊరుకుంటేనా!

"రెండు తూర్లు జల్లించినా సార్. ఎన్ని పురుగులో సూడు!" అని పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అమ్మా, నాకు కావాల్సింది అవే కదమ్మా!" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు. ఇంకా సీలు పడని బస్తాలోంచి మళ్లీ పిండి తీయించి, దాన్ని కళ్లముందే కట్టించుకున్నాడు.

"కొంప ముంచితివి గదమే!" అన్నాడు మామ. అంగడి మూడు నెలలు మూతపడింది, మామ నోరూ అంతే. ఆకలేస్తే గోడకు చెప్పేవాడు. "కూడు పెట్టినానని సెప్పు" అని అత్త కూడా గోడకే జవాబిచ్చేది. తీరా అంగడి తెరిచాక, వచ్చినవాళ్లంతా "అక్క జల్లించిందేనా అన్నా?" అని అడిగి మరీ కొన్నారు. మామ గొణుక్కుంటూనే అత్తకు అంగడి ముందు పీట వేశాడు.

మామ పోయి రెండేళ్లయింది. మొన్న అత్తను నవ్విద్దామని ఆ కథే ఎత్తాను. నవ్వింది. నవ్వి, "అంగడి మూసినందుకు నాకేం బాధ లేదప్పా. ఆ మూడు నెలలు మీ మామ నాతో మాట్లాడింటే ఎంత బాగుండు" అంది. మేమంతా ఇన్నేళ్లు పడీపడీ నవ్వుకున్న మూడు నెలలు, ఆమెకు మాత్రం తిరిగిరాని మూడు నెలలు.