మురుంగపాక్కంలో నా మీద పిరాదు

ఆ రోజుల్లో నాకు తెలుగు బాగా వచ్చునని గట్టి నమ్మకం ఉండేది. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ఇలాంటి నమ్మకం ఒకటైనా ఉండాలి కాబోలు, లేకపోతే ఊరు దాటి బతకలేడు. యానాంలో చదువు ముగించుకుని, వ్యాసరచన పోటీల్లో గెలుచుకున్న మూడు స్టీలు పళ్ళేలను అమ్మకు అప్పగించి, పుదుచ్చేరి బస్సెక్కాను. అక్కడ ఒక ఆఫీసులో తాత్కాలికంగా ఉద్యోగం దొరికింది. గిరిజనులమని సర్టిఫికెట్టు అడిగే కుటుంబాల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ బతుకు చూసి, ఫారం నింపుకుని రావడం నా పని. తెలుగు మాట్లాడే కుటుంబాల దరఖాస్తులు కొన్ని చాలా కాలంగా మూలనపడి ఉన్నాయట. ‘మీ భాషవాళ్ళే, నువ్వయితే ఇట్టే తేల్చేస్తావు’ అంటూ సూపరింటెండెంటు గారు ఆ కట్ట నా చేతిలో పెట్టారు. ఇట్టే తేల్చేశాను కూడా. అదే ఈ కథ.

మురుంగపాక్కం దాటాక రోడ్డు పక్కన సందులో ఓ నలభై ఇళ్ళున్నాయి. (ఆ జనం పేరు ఇక్కడ రాయను. వాళ్ళ ఫైళ్ళు కొన్ని ఇంకా ఆఫీసుల్లో తిరుగుతూనే ఉన్నాయి, నా నోటితో మళ్ళీ కదిలించడం ఎందుకు?) తరాల కిందట అడవులు పట్టుకు తిరిగిన మనుషులని కాగితాల్లో చదివి, ఏమేమో ఊహించుకుని వెళ్ళాను. తీరా చూస్తే సిమెంటు ఇళ్ళు, వాటి ముందు మోటారు సైకిళ్ళు, అరుగు మీద ఫోను చూసుకుంటున్న ముసలాయన. కాస్త నిరాశపడిన మాట నిజం. అయినా ఫారంలోని ఇంగ్లీషు ప్రశ్నలను నా బహుమతుల తెలుగులోకి మార్చి మొదలుపెట్టాను. “మీ తెగ గురించి చెప్పండి” అన్నాను. “ఏం తెగిందమ్మా?” అని ఒకామె గాభరాగా తన చీర చూసుకుంది. “మీ ఆచారాలు ఏమిటండీ?” అన్నాను. “ఆశారి ఈడ లేడు, పక్క సందులో ఉంటాడు” అని వడ్రంగి ఇంటికి దారి చూపించింది. “మీ నాయకుడు ఎవరు?” అంటే, గోడ మీద అంటించిన ఎన్నికల బొమ్మ కేసి చెయ్యెత్తి, “ఆయనా? ఓట్లప్పుడు వస్తాడు” అంది. ఇలా పద్నాలుగు ప్రశ్నలూ గంటంబావులో పూర్తిచేశాను. పదకొండో ప్రశ్న వాళ్ళ సొంత పాలన గురించి. పెద్దలు ఉన్నారా, కూడి మాట్లాడుకుంటారా, కట్టుబాట్లు ఉన్నాయా అని. దానికి ఒక్క గీత చోటు ఇచ్చారు. ‘అలాంటిదేమీ కనిపించలేదు. ఎవరికి వారే’ అని అందమైన ఇంగ్లీషులో రాశాను.

కింద సాక్షి సంతకానికి ఇంగ్లీషు చదవగలిగేవాళ్ళు కావాలంటే ఒక అమ్మాయి వచ్చింది. నర్సింగ్ కోర్సులో చేరాలని ఆశ పెట్టుకున్న పిల్ల, వీధంతా అప్పటికే ‘నర్సు పాప’ అని పిలిచేది. సర్టిఫికెట్టు అందరికంటే ముందు కావలసింది ఆమెకే, సీటు వస్తుందో రాదో దాని మీదే ఆధారపడి ఉంది. కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి, పదకొండో ప్రశ్న దగ్గర ఆగి, “ఇది ఇట్టా ఉంటే నాకు సర్టిఫికెట్టు వస్తాదా అక్కా?” అని అడిగింది. “ఉన్నది ఉన్నట్టే రాయాలి కదమ్మా” అన్నాను, హరిశ్చంద్రుడి మనవరాలిలాగా. ఆ పిల్ల సంతకం పెట్టి, ఫోనుతో ఆ కాగితాన్ని ఒక ఫొటో తీసుకుంది. నా దస్తూరి నచ్చిందనుకున్నాను.

శుక్రవారం ఫారాలు సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టేశాను. మంగళవారం పైకి పంపిస్తానన్నారు. శనివారం నర్సు పాప ఫోను చేసింది. “అక్కా, రేపు నాలుగు గంటలకు మా ఊరి కూటం. మీరు రావాల. మీ మీద పిరాదు ఉండాది.” పిరాదు అంటే ఏమిటో నాకు తెలియలేదు. నాకు తెలియని తెలుగు మాట ఒకటి ఉందని ఒప్పుకోవడం ఇష్టం లేక అడగలేదు. నా మీద ఏదో ఉందంటోంది, పిలిచి మరీ చెబుతోంది, కాబట్టి సన్మానం లాంటిది అయ్యుంటుందని తేల్చుకున్నాను. మర్నాడు పెట్టెలో ఉన్న ఒక్కగానొక్క పట్టుచీర తీసి కట్టుకుని, పూలు పెట్టుకుని, ‘ఈ ఆదరాన్ని ఎన్నటికీ మరువలేను’ అనే వాక్యాన్ని బస్సులో మూడుసార్లు మననం చేసుకుని, మురుంగపాక్కంలో దిగాను. (ఆ చీరను చూసి వీధిలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం గమనించాను. మెచ్చుకోవడమే అనుకున్నాను.)

రేకుల షెడ్డు కింద చాపలు పరిచి ఉన్నాయి. ఇంటికి ఒకరు చొప్పున, ఆడా మగా, ఎవరి చోటులో వాళ్ళు కూర్చున్నారు. ఎదురుగా అయిదుగురు పెద్దలు, ముగ్గురు మగవాళ్ళూ ఇద్దరు ఆడవాళ్ళూ. మధ్యలో ఉన్నాయన మొన్న అరుగు మీద ఫోను చూసుకుంటున్న ముసలాయనే. బట్టల మిల్లులో సైరన్ మోగించే పని చేసి రిటైరయ్యాడని అందరూ సైరన్ తాత అంటారు. మనిషి మాత్రం ఎంత మెల్లగా మాట్లాడతాడంటే, ఆయన నోరు తెరిస్తే చంటిపిల్లల్ని కూడా బయటికి తీసుకుపోతారు. ముందు వేరే పంచాయతీ నడిచింది. ఊరందరి పెళ్ళిళ్ళకూ వాడే పెద్ద వంటగిన్నెలను ఒకాయన ఎవరినీ అడగకుండా ఎవరికో ఇచ్చాడు, సొట్టలు పడి తిరిగొచ్చాయి. ఇద్దరు మాట్లాడుతుండగా నేను ఉత్సాహం ఆపుకోలేక, “ఒక రిజిస్టరు పెట్టుకుంటే సరిపోతుంది కదండీ!” అన్నాను. సైరన్ తాత నావైపు చూసి, “పాప్పా, ఒకరు మాట్లాడతా ఉంటే అడ్డం వచ్చినోళ్ళు లేచి పోయి ఆళ్ళకు తాగను నీళ్ళు తెచ్చియ్యాల. అది మా కట్టుబాటు” అన్నాడు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచాను. గిన్నెలాయన ఏడాదిపాటు ఊళ్ళో ప్రతి కార్యానికీ ఆ గిన్నెలను తానే మోసి, తానే తోమి పెట్టాలని తీర్పయింది. ఆయన తల ఊపి కూర్చున్నాడు, వాదం లేదు.

“ఇంక ఆపీసు పాప కేసు” అన్నారెవరో. అప్పుడు తెలిసింది పిరాదు అంటే ఫిర్యాదని. నర్సు పాప లేచి ఫోనులో ఫొటో తెరిచి, పదకొండో ప్రశ్నకు నేను రాసింది చదివి, వాళ్ళ మాటల్లో చెప్పింది. “మనకి పెద్దోళ్ళు లేరంట. కూటం లేదంట. ఎవురికి ఆళ్ళేనంట.” ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. “అది కాదండీ, ఫారంలో—” అని నేను మొదలుపెట్టేసరికి సైరన్ తాత కుళాయివైపు చూశాడు. మళ్ళీ వెళ్ళి నీళ్ళు తెచ్చాను.

పెద్దల్లో ఒక అవ్వ ఉంది, ఆస్పత్రిలో తుడిచే పనిచేసి మానుకున్న మనిషి. నా చేతి నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, “ఎవురికి ఆళ్ళే అని రాసినావా పాప్పా?” అంది. అవునన్నాను. “నా మొగుడు రెండేండ్లు పడకలో ఉన్నాడు. ఒక పక్కే పండుకుంటే ఒళ్ళు పుండ్లు పడతాది. నాకా ఒంటరిగా తిప్పే బలం లేదు, పనికి పోకుంటే కూడు లేదు. ఈడ కూటం పెట్టి వంతులు కట్టినారు. దినానికి ఒక ఇంటోళ్ళు వచ్చి తిప్పి పండబెట్టి, తుడిచి, గంజి పోసి పోయినారు. ఈ సందులో నాతో మాటల్లేని ఇల్లు ఒకటుండాది. ఆళ్ళూ వంతు తప్పలేదు. వచ్చేది, చేసేది, నాతో పలక్కుండానే పోయేది. పోయినపుడు ఆయన ఒంటి మీద ఒక్క పుండు లేదు.” గ్లాసు నా వైపు జరిపి, “అది నువ్వు చూడలేదు, సరి. నన్ను అడగనూ లేదే” అంది.

నేను మననం చేసుకున్న వాక్యం తప్ప నా నోట్లో ఇంకేమీ లేదు. చివరికి, “అడిగానండీ, ఎవరూ చెప్పలేదు” అన్నాను. సైరన్ తాత ముందుకు వంగాడు. “నువ్వు అడిగింది మాకు తెలీలా. మాకు తెలీలేదని నీకు తెలిసింది కదా?” తెలిసిందన్నాను. “మరి ఇంకో తూరి ఎందుకు అడగలా?” ఫారంలో ఒక్క గీతే చోటుందని చెప్పాను. “చోటు లేకుంటే మనుషులు లేరా పాప్పా?” అన్నాడాయన, అంతే మెల్లగా. అందరూ నావైపే చూస్తున్నారు. చదువుకున్న అబద్ధాలు రెండు మూడు గొంతు దాకా వచ్చాయి గాని, ఆ అవ్వ ఎదురుగా పలకలేకపోయాను. “ఆకలేసిందండీ” అన్నాను. “ఎండ ఎక్కువైంది. తొందరగా ముగించుకుని హాస్టలుకి పోయి అన్నం తిందామని...” వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. షెడ్డంతా నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. “ఆకలైతే ఆకలని అనొచ్చు కదా. ఇన్ని ఇండ్లుంటే!” అంది, నిజంగానే నొచ్చుకుని. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆపుకోలేదు, ఆపుకునే వయసు కూడా కాదు.

అయిదుగురూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. తీర్పు సైరన్ తాత చెప్పాడు. “రాసిన చేత్తోనే కొట్టెయ్యాల. మీ పెద్దాయన ముందర తప్పు రాసినానని నోటితో చెప్పాల. మా కాగితాలు తేలేదాకా ఆదివారం ఆదివారం ఈడికి వచ్చి కూచోవాల. ఇది నీకు మేం వేసే తప్పు. ఒప్పుకుంటావా?” ఒప్పుకుంటానన్నాను. (తప్పు వెయ్యడమంటే వాళ్ళ మాటలో శిక్ష వెయ్యడం.) ఒప్పుకున్నవాళ్ళను ఆకలితో పంపకూడదన్నది ఇంకో కట్టుబాటట. అవ్వ ఇంట్లో చేపల పులుసు అన్నం పెట్టారు. తిన్నంతసేపూ నర్సు పాప పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతూ, “కోపమా అక్కా?” అని రెండుసార్లు అడిగింది. కోపం రావలసింది నా మీద ఆ పిల్లకు.

సోమవారం పొద్దున్నే సూపరింటెండెంటు గారి ముందు నిలబడ్డాను. ఆయన తమిళంలో అన్నవి తెలుగులో రాస్తున్నాను. “సార్, ఆ సందులోవాళ్ళ ఫారం తప్పు రాశాను. వాళ్ళకు పెద్దలున్నారు, కూటం ఉంది, కట్టుబాట్లు ఉన్నాయి” అన్నాను. “ఆధారం?” అన్నారు. “నేనే సార్. నన్ను విచారించి శిక్ష వేశారు.” ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కడుపుబ్బ నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు. “విచారణకు వెళ్ళిన ఉద్యోగి శిక్ష పడి తిరిగొచ్చిందని కాగితం మీద పెడతావా? నీది తాత్కాలికం, రెండు నెలల్లో పొడిగించాలి, తెలుసుగా?” ఆ మాటల్లో బెదిరింపు లేదు, భయపడే అన్నారు. అది విన్నాక నాకూ భయం వేసింది. ఇంట్లో ఏం చెప్పాలి, హాస్టల్లో ఎన్నాళ్ళుండాలి అని లెక్కలు మొదలయ్యాయి. ఆయన ముందే కూర్చుని పాత వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాను. ఒక్క గీత చోటు చాలలేదు కనుక విడిగా పదకొండు పేజీలు రాసి జతచేశాను. గిన్నెల తీర్పు, వంతులు కట్టి మనిషిని చూసుకోవడం, అడ్డం వచ్చినవాళ్ళు నీళ్ళు తేవడం (నేను రెండుసార్లు తెచ్చానని కూడా), చివర నాకు పడ్డ శిక్ష. ఆయన అంతా చదివి, తన సంతకం కూడా పెట్టి పైకి పంపారు.

అంతా సుఖాంతమైందని రాస్తే బాగుండును. ఫైలు పైనుంచి ప్రశ్నలతో దిగివచ్చి, జవాబులతో ఎక్కి, మళ్ళీ దిగేసరికి నర్సింగ్ కోర్సు గడువు దాటిపోయింది. నేను మొదటిరోజే సరిగా రాసి ఉంటే ఆ ఏడు అందేదా? నాకు తెలియదు. నర్సు పాప మందుల షాపులో చేరి ఒక ఏడాది నిలబడి పనిచేసింది. మరుసటి ఏడు సర్టిఫికెట్టు వచ్చింది, సీటూ వచ్చింది. నా ఉద్యోగాన్ని పొడిగించలేదు. కారణం ఇదేనని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. నాలుగు నెలలు ట్యూషన్లు చెప్పుకుని, పరీక్ష రాసి, ఇంకో డిపార్టుమెంటులో గుమాస్తాగా చేరాను. శిక్ష గడువు ముగిసినా ఆదివారాలు మురుంగపాక్కం వెళ్ళడం మాత్రం మానలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. వెళ్ళిన కొత్తలో వాళ్ళ మాట వినడం నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పమంటే నేర్పాను. నా ఉచ్చారణకు వాళ్ళు నవ్వేవాళ్ళు, ‘సినిమా తెలుగు’ అని.

నిరుడు సైరన్ తాత పోయాడు. నర్సు పాప ఆస్పత్రి డ్యూటీ నుంచి అలాగే తెల్లబట్టల్లో వచ్చేసింది, నేను ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను. షెడ్డు కింద ఆడవాళ్ళు వరసలుగా కూర్చున్నారు. విల్లియనూరు నుంచి వచ్చిన తాత చుట్టాలావిడ నన్ను ఎగాదిగా చూసి, “ఈమె ఎవురు, మనోళ్ళ మాదిరి లేదే?” అని అవ్వను అడిగింది. అవ్వకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. నా గొంతు గుర్తుపట్టి, “మన పాప్పానే. ఈమెకూ ఒక తూరి కూటంలో తప్పేసినాం” అంది. ఆవిడకు అది చాలినట్టుంది, ఇంకేమీ అడక్కుండా జరిగి నాకు చోటిచ్చింది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, అన్నీ తెలుసనుకుని ఆ సందులోకి నడిచివచ్చిన ఇరవై మూడేళ్ళ పిల్లను తలుచుకుంటూ, వాళ్ళ మధ్యన కూర్చున్నాను.