నల్లపట్టీ కింద పేరు

నా చిన్నప్పుడు బట్టల కొట్టు షావుకారమ్మ గారు లుంగీ ఇచ్చి చదువు నిలబెట్టబట్టే ఈరోజు నేను పదిమందికి ఇస్తున్నానని, మా రంగూన్ తెలుగువాళ్ళు మైకు దొరికినప్పుడల్లా చెబుతారు. సాక్ష్యానికి గుడి హాల్లో గోడమీదున్న ఫొటో చూపిస్తారు. ఫొటో నిజమే, కథే అబద్ధం. వరసలో మూడోదాన్ని నేనే కనుక, ఆ మొహం ఎందుకలా ముడుచుకుని ఉందో చెప్పే హక్కు నాకే ఉంది.

అప్పుడు మేము రంగూన్‌లోనే చిమిండైంగ్ బజారు వెనక ఉండేవాళ్ళం. నాన్న లేడు. అమ్మ తెల్లారేసరికి బఠాణీలు ఉడకబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. బర్మాలో ఆడవాళ్ళు కట్టేదీ లుంగీయే. ఐదో తరగతికి వచ్చిన ఆడపిల్ల తెల్ల జాకెట్టు వేసుకుని, ఆకుపచ్చ లుంగీ కట్టుకుని బడికి వెళ్ళాలి. ఆ ఏడు వానలొచ్చాయి, బడి తెరిచే రోజూ వచ్చింది, లుంగీ మాత్రం రాలేదు. షావుకారమ్మ గారు మాలాంటి పదిమందిని పిలిపించి గుడి హాల్లో లుంగీలు పంచారు. కింద, పిక్కల దగ్గర, మూడు వేళ్ళ వెడల్పున తెల్లరంగుతో వాళ్ళ కొట్టు పేరు బర్మా అక్షరాల్లో అచ్చేసి ఉంది. ఉతికితే పోయే రంగు కాదు. అవి కట్టుకున్నాకే ఫొటో తీశారు.

బడిలో ఆ అక్షరాలు చదవలేనివాళ్ళు ఎవరున్నారు? పెద్ద ఆడవాళ్ళని బర్మాలో గౌరవంగా పిలిచే 'డా' నాకు తగిలించి, "డా బట్టలకొట్టు వచ్చింది, లేవండి లేవండి" అన్నారు పిల్లలు. మూడోరోజు పుస్తకాలు మూలన పడేసి, ఇక బడికి పోనన్నాను. అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. అటకమీదున్న రెండో తట్ట దించి తుడవడం మొదలుపెట్టింది. లేనివాళ్ళింట్లో ఆడపిల్ల చదువు అలాగే, చప్పుడు లేకుండా ఆగిపోతుంది.

ఆ తట్ట పక్కింటి అత్త కంటపడింది. ఆవిడ మిషను కుట్టే మనిషి. షావుకారమ్మ కొట్టు ఇచ్చే పనే ఆవిడకి కూడు. ఆ పది లుంగీలూ కుట్టింది కూడా ఆవిడే.

"ఏటే గుంటా, బడి మానేత్తావా? ఇంత బుర్రెట్టుకుని బఠాణీలు మోత్తావేటి? తే ఆ లుంగీ ఇలాగ," అంది.

లుంగీకి పైన, నడుం దగ్గర, నాలుగు వేళ్ళ నల్లగుడ్డ పట్టీ వేసి కుట్టడం మా ఊళ్ళో రివాజు. ముడి జారకుండా పట్టుకునేది అదే, జాకెట్టు కిందికి పోతుంది గనుక బయటికి కనబడదు. అత్త ఆ పట్టీ ఊడదీసింది. లుంగీని తలకిందులు చేసి, కిందున్న పేరు పైకి తెచ్చి, సరిగ్గా దానిమీదే నల్లపట్టీ పరిచి కుట్టేసింది. ఒకటే రంగు గుడ్డ, పైదేదో కిందదేదో ఎవరు కనిపెట్టగలరు?

"ఇప్పుడు బిగించి కట్టు. ఆ పేరు నీ బొడ్డుకాడ రోజూ నలగాల," అంది దారం కొరుకుతూ.

తెల్లారి బడికి వెళ్ళాను. వారం తిరక్కుండా మిగతా తొమ్మిదిమందీ అత్త గుమ్మంలో ఉన్నారు. ఏ ఒక్కరినీ ఆవిడ ఉత్తచేతుల్తో వచ్చావేమని అడగలేదు.

తర్వాత ఒక పూజ రోజున గుడి హాల్లో షావుకారమ్మ గారు మా కాళ్ళవైపు చూసి, అందరూ వినేలా "మా పేరేదే?" అన్నారు. మేం జాకెట్లు కిందికి లాక్కున్నాం. వెనకనుంచి అత్త, "లోపల బద్రంగా ఉందమ్మా. ఇప్పి సూపించమంటారేటి?" అంది. పులిహోర కలుపుతున్న ఆడవాళ్ళు గరిటెలు వదిలేసి నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది.

ఆపైన జరిగింది మాత్రం ఎవరూ మైకులో చెప్పరు. మర్నాటినుంచి అత్తకి కొట్టు పని ఆగిపోయింది. ఏడాదిలోపే మిషను అమ్మేసి, ఏటి అవతల తన్లిన్‌లో చుట్టాల పంచన చేరింది. ఎందుకు వెళ్ళిందో అమ్మ నాకు కాలేజీలో చేరాక చెప్పింది. అప్పటికే అత్త చనిపోయింది.

షావుకారమ్మ కోడలు ఇప్పటికీ ఏటా జూన్‌లో పేరు అచ్చేసిన లుంగీలు పంచుతుంది. సరిగ్గా దానికి ముందురోజు నేను ఏ పేరూ లేనివి పంచేస్తాను. ఎవర్నీ వరసలో నిలబెట్టను, ఏ ఇంటికి ఆ ఇంటికి వెళ్ళి తల్లి చేతిలో పెట్టి వచ్చేస్తాను. మర్నాడు హాల్లో కుర్చీలుంటాయి, ఫొటోగ్రాఫరు ఉంటాడు, కోడలమ్మ ఉంటుంది, పిల్లలుండరు. కక్షతో చేస్తే పుణ్యం రాదన్నారు పూజారి గారు. రాకపోతే పోనీ. కట్టుకున్న పిల్లకి ఆ గుడ్డలో కక్ష ఏమన్నా గుచ్చుకుంటుందా?

ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. నిండు హాల్లో ఆ మాట అనేటప్పుడు, దాంతో తన కూడు పోతుందని అత్తకి తెలుసా? తెలిసే అని ఉంటే, అది మా పదిమంది కోసమా, లేక తనకీ ఆ ఇంటితో తీర్చుకోవలసింది ఏదైనా ఉందా?