ఎర్ర స్కూటరు గుర్తు

"మందుల చీటీ దుకాణంల ఇయ్యి. గీ కాయితం మాత్రం ఎవ్వలకి సూపియ్యకు, పట్నపోళ్ళు మాయ జేస్తరు."

"నేనేమన్న పసిపిల్లనా? నువ్వు పండుకో, జల్దీ వస్త."

నేనూ మా ఆయనా చివరగా అనుకున్న మాటలు ఇవే. ఇప్పుడెందుకు గుర్తొచ్చాయంటే, మా తమ్ముడి కోడలు వచ్చి కూర్చుంది; సోమవారం తన మామను పట్నంలో దవాఖానకు తీసుకుపోతున్నదట, అక్కడ ఎలా మసలుకోవాలో చెప్పమంటున్నది. నాకు సంతకం దాటి రాయరాదు కాబట్టి నేను చెబుతుంటే ఆమే రాస్తున్నది; నా ఈడు ఆడవాళ్ళు వింటే వాళ్ళకూ పనికొస్తుంది.

పట్నంలో ఎవరినీ నమ్మొద్దన్న మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. మేడ్చల్‌లో బస్సెక్కగానే సంచి కాళ్ళ మధ్య పెట్టుకోవాలి, పక్కనామె ఏ ఊరని అడిగితే మన రావల్కోల్ అనకుండా పట్నంలోని అల్వాల్ అనాలి, పల్లెటూరి మనిషి కాదనుకుంటే మోసం చేయడానికి కొంత జంకుతారు, అడగకుండా సాయం చేయవచ్చినవాళ్ళకు రెండడుగులు దూరం జరగాలి. ఇవన్నీ మా ఆయన నేర్పినవే. పట్నం మార్కెట్లో ఎవరినో మంచివాడని నమ్మి అప్పజెప్పి, టమాటా గంపలు గంపలుగా పోగొట్టుకుని నేర్చుకున్నాడు.

ఆయన దవాఖానలో చేరిన రెండో రోజు మందులు బయట తెమ్మన్నారు. ఆయన్ని చేర్చుకున్నప్పుడు ఇచ్చిన భర్తీ కాయితం కొంగున ముడేసుకుని, చదువు రానిదాన్ని గనుక ఆయన వార్డు గుమ్మం ముందున్న ఎర్ర స్కూటరును గుర్తు పెట్టుకుని పోయాను. మా ఊళ్ళో గుమ్మం ముందు కట్టేసిన బర్రె అయినా పొద్దుగూకేదాకా అక్కడే ఉంటుంది గదా. మందులతో తిరిగొస్తే స్కూటరు లేదు, గుమ్మాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

అక్కడ ఊడ్చే ఆమె చీపురు ఆపింది.

"ఏందక్కా, ఎటు పోవాలె? కాయితమేమన్న ఉందా?"

"లేదు. మావోళ్ళొస్తున్నరు."

"కొంగు ముడి గంత గట్టిగ వట్టుకున్నవ్, నీ ముడి నేనేం జేసుకుంట తల్లీ?"

ఆమె నవ్వితే నాకు అనుమానం ఇంకా పెరిగింది. మిట్టమధ్యాహ్నం నుంచి నీడలు సాగేదాకా ఆ గుమ్మాల ముందే తిరిగి, ఇక కాళ్ళు లేవక ముడి విప్పి ఆమెకే చూపించాను. ఆమెకూ చదువు రాదు. పచ్చ కాయితమైతే మెట్ల పక్క గదేనని, రంగు చూసి చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అప్పటికే ఆయన మొహం మీదికి దుప్పటి కప్పారు. రెండుసార్లు నా కోసం అడిగాడని పక్క మంచమాయన చెప్పాడు.

ఇప్పుడు దారి ఫోనే చెబుతుందని కోడలు అంటున్నది. మనుషులనే నమ్మనిదాన్ని, ఫోనును అసలే నమ్మను. అయినా ఇప్పుడు ఎవరూ ఎవరినీ దారి అడగడం లేదు, చీపురు ఆపి పలకరించే మనిషి ఎదురైనా చూడకుండానే దాటిపోతున్నారు. ఆమె పేరు నేనూ అడగలేదు. సంచి ఎవరికీ ఇవ్వొద్దు, చక్రాలున్నదాన్ని గుర్తు పెట్టుకోవద్దు, కాయితం మాత్రం ఊడ్చే ఆమెకు చూపించు.

"మొత్తం రాసినవా బిడ్డా?"

"రాసిన అత్తమ్మా."

"ఏం రాసినవో నాకేం ఎరుక. మొదటికెంచి సదువు, వింట."