వంత పలకని చరణం

1999లో అమలాపురంలో, గడియార స్తంభానికి కాస్త అవతల, ఒక ఎరువుల కొట్టు పైన నా రికార్డింగ్ స్టూడియో ఉండేది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో మైకులు, రెండోదాంట్లో మిక్సరూ, స్పూల్ టేపు యంత్రమూ, నేనూ. మధ్యలో ఒక అద్దం. గోడలకి కొబ్బరి పీచు చాపలు రెండు వరసలు కొట్టించాను. పెద్ద ఊళ్ళలో దానికి వేరే సరుకు వాడతారట. మా కోనసీమలో పీచు కంటే చవగ్గా దొరికేది ఏముంది? బయటి శబ్దాన్ని బాగానే మింగేది కూడా. వానాకాలంలో మాత్రం గదంతా తడిసిన తాడు వాసన వేసేది.

తీర్థాల్లో అమ్మే భక్తి కేసెట్లు, ఎన్నికలప్పుడు ఆటోలకి కట్టే ప్రచారం, చీరల కొట్ల ప్రకటనలు, ఇవే నాకు కూడు పెట్టిన పనులు. మంచి గొంతులు చాలానే విన్నాను. అయినా ఈ పనిలో మరిచిపోలేనిది ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది వీరవేణమ్మగారి కేసెట్టు గురించే.

ఆవిడది మురమళ్ళ వైపు ఒక పల్లె. నలభై ఏళ్ళు బుర్రకథ చెప్పారు. పురాణ కథలు చెప్పారు, ప్రభుత్వం వాళ్ళు పిలిస్తే కుటుంబ నియంత్రణ మీద కూడా చెప్పారు. "నాకు ఒక్కతే కూతురండి, ఆ కథ చెప్పడానికి నాకంటే అర్హులెవరండి" అని నవ్వేవారు. నా దగ్గరికి వచ్చేనాటికి ఆవిడ డెబ్బైకి దగ్గరపడ్డారు. పై వరసలో పళ్ళు సగం లేవు. గొంతు మాత్రం కంచు పళ్ళెం మీద గరిటెతో కొట్టినట్టు ఖంగుమనేది.

ఖర్చు పెట్టేది మా ఊళ్ళో కేసెట్ల కొట్టు నడిపే రాజుగారు. ఆయనకి పురాణ కథ కావాలి. అది తీర్థాల్లో పోతుంది. ఆవిడకి తను కట్టిన పాటలు కావాలి. అందులో దేవుళ్ళు లేరు, రాజులు లేరు. మోకాళ్ళ మీద ఒకటి, పోయిన మొగుడి మీద ఒకటి, పెంచిన అక్క మీద ఒకటి, ఊడిన పళ్ళ మీద ఒకటి. పళ్ళ పాట నాకు ఇప్పటికీ నోటికి వచ్చు:

"పళ్ళూడిపోయాక పాట తేలికాయె
అడ్డమొచ్చేదేది, ఆపేవాడెవడు"

ముసలితనం పాటలు ఎవరు కొంటారండీ అని రాజుగారు నా దగ్గర వాపోయారు. ముసలాళ్ళు కొనరు, వాళ్ళకి తెలిసిందే కదా. పడుచువాళ్ళు కొనరు, వాళ్ళకి అక్కర్లేదు కదా అని ఆయన లెక్క. ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు. చివరికి పురాణ కథ ఒక కేసెట్టు, సొంత పాటలు ఒక కేసెట్టు అని ఒప్పందం కుదిరింది. మొదటిది ఒక్కరోజులో అయిపోయింది. నేనిక్కడ చెప్పేది రెండోదాని సంగతి.

బుర్రకథ చూడనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథకురాలు ఉంటుంది. ఆమెకి చెరో పక్కా డక్కీలతో ఇద్దరు వంతలు. కథకురాలు ఒక మాట అంటే వంతలు దాన్ని అందుకుంటారు, తందాన తాన అంటారు, ఊ కొడతారు, నడుమ జనం తరఫున ప్రశ్నలు కూడా అడుగుతారు. వీరవేణమ్మగారి దళంలో కట్టుబాట్లు మరీ గట్టివి. వంతగా నిలబడ్డవాళ్ళు ఎవరైనా సరే కథకురాల్ని "అక్కా" అనే పిలవాలి. ఇంటి దగ్గర అత్తయినా కోడలైనా అక్కడ వరసలు లేవు. వంత ఊ కొట్టనిదే కథ అడుగు ముందుకి వెయ్యకూడదు. వంత ఏదైనా అంటే కథకురాలు దాన్ని కథలో కలుపుకోవాలే తప్ప విననట్టు దాటెయ్యకూడదు.

ఆవిడ పాత వంతల్లో ఒకరు అప్పటికే పోయారు. రెండో ఆవిడ పురాణ కథ వరకూ వచ్చి, ఆయాసమని మంచం ఎక్కారు. అందుకని సొంత పాటలకి తోడుగా మంగ వచ్చింది. మంగకి నలభై దాటి ఉంటాయి. బండారులంకలో నేత ఇంటి కోడలు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వీరవేణమ్మగారి మందులూ మంచినీళ్ళూ చూసుకోడానికి మొదటి రోజు నుంచీ వెంట వస్తూనే ఉంది. ఆవిడని పిన్నీ అని పిలిచేది. డక్కీ చేతికిస్తే తడుముకోకుండా వాయించింది. చిన్నప్పుడు సెలవులకి దళంతో తిరిగేదట.

మంగ కింద కొట్టుకి టీలు చెప్పడానికి వెళ్ళినప్పుడు వీరవేణమ్మగారు నాతో అసలు సంగతి చెప్పారు. మంగ ఆవిడ సొంత కూతురు. పిల్లకి ఐదేళ్ళప్పుడు మొగుడు పోయాడు. దళం వదిలేస్తే తిండి లేదు, రాత్రుళ్ళు ఊరూరా తిరిగే దళంలో పిల్లని తిప్పడం కుదరలేదు. రాజోలు దగ్గర గోదావరి లంకలో ఉన్న అక్కకి పిల్లని అప్పగించారు. అక్కకి పిల్లల్లేరు. మంగ ఆ అక్కనే అమ్మ అంది, ఈవిడని పిన్ని అంది. దాచిందేమీ లేదు, మంగకీ తెలుసు. కానీ తల్లీకూతుళ్ళ మధ్య ఆ మాట ఏనాడూ రాలేదు. ఆ మధ్యే అక్క పోయింది.

"ఆఖరి పాట అదేనండి," అన్నారు. "ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేనండి. నోరు రాదు. కథలో అయితే చెప్పగలను. అది ఊ కొడితే చాలండి నాకు. ఇంకేం అక్కర్లేదు."

కేసెట్టు అమ్ముడుపోవడం కాదు, ఆవిడకి కావలసింది ఆ ఊ అని నాకప్పుడు తెలిసింది. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే నా దృష్టంతా వేరే చిక్కు మీద ఉంది. స్టూడియోలో మైకుకీ మనిషికీ దూరం మారకూడదు. మారితే లెవెల్, అంటే గొంతు ఎంత గట్టిగా టేపు మీద పడుతుందో అది, పైకీ కిందకీ పోతుంది. ఆవిడేమో అడుగు ముందుకీ వెనక్కీ వెయ్యనిదే ఒక్క ముక్క పాడలేరు. నిలబడి పాడమంటే చేపని గట్టు మీద ఈదమన్నట్టే. నేల మీద సుద్దముక్కతో గీత గీశాను. ఆవిడ గీతని కూడా తొక్కేశారు. చివరికి మైకు ఒకటి పక్కన పెట్టి ఇంకోటి పైనుంచి వేలాడదీశాను.

మామూలుగా అయితే కథకురాలి గొంతు విడిగా, వంత విడిగా తీసి తరవాత కలుపుతాను. తప్పు వస్తే ఆ ముక్క ఒక్కటే మళ్ళీ తీసుకోవచ్చు. ఆవిడ ఒప్పుకోలేదు. వంత మొహం కనపడకుండా ఎలా పాడతామండీ అన్నారు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకేసారి తీశాను.

పొద్దున్న తీసిన పాటలన్నీ సాఫీగా వచ్చాయి. పళ్ళ పాటకి రాజుగారు కూడా నవ్వారు. మధ్యాహ్నం కరెంటు వచ్చాక ఆఖరి పాట మొదలుపెట్టాం. ఫ్యాను ఆపేశాం. రాజుగారు అద్దం ఇవతల నా పక్కనే కూర్చున్నారు.

పాట లంకలో రేవు దగ్గర మొదలవుతుంది. తల్లి పిల్ల జడ వేసింది, కొత్త గౌను తొడిగింది, పడవ వచ్చింది, తల్లి ఒక్కతే ఎక్కింది. ప్రతి చరణానికీ మంగ తందాన తాన అంటోంది, ఊ కొడుతోంది. గొంతులో తేడా ఏమీ లేదు. పాట ఎవరి గురించో ఆమెకి తెలియకపోవడానికి వీల్లేదు. వీరవేణమ్మగారు ఈ చరణానికి వచ్చారు:

"చుక్క కన్నీరైన రాల్చలేదమ్మా నా చిన్నితల్లి
రేవులో నిలబడి చెయ్యూపెనమ్మా నా చిన్నితల్లి"

వంత పలకలేదు.

మంగ చేతిలో డక్కీ ఉంది, వేళ్ళు దాని మీదే ఉన్నాయి. చరణం మరిచిపోయిందేమో అనుకున్నాను. వంత లేనిదే కథ కదలదు కాబట్టి ఆవిడ అదే చరణం మళ్ళీ పాడారు. మళ్ళీ జవాబు లేదు. రాజుగారు నా భుజం తట్టి, ఆపండి, మళ్ళీ తీద్దాం అన్నారు. నేను ఆపలేదు. అందులో నా గొప్పేమీ లేదు. పాట తీస్తుండగా మధ్యలో ఆపాలంటే లోపలున్నవాళ్ళు చెయ్యి ఎత్తాలి, అది నా స్టూడియోలో పద్ధతి. లోపల ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

మూడోసారి ఆవిడ పాడలేదు. తంబురా మీద వేలు ఆడిస్తూ మంగ వంక చూస్తూ నిలబడ్డారు. అప్పుడు మంగ మాట్లాడింది. కథలో వంత అడిగే గొంతుతోనే మాట్లాడింది.

"ఏడిచింది అక్కా."

వీరవేణమ్మగారి వేలు ఆగిపోయింది. "నేను చూడలేదమ్మా" అన్నారు.

"నువ్వు చూడకూడదనే అక్కా. ఏడవకుండా ఉంటే తొందరగా వస్తానని చెప్పేవు ఆ పిల్లకి. అందుకని పడవ మలుపు తిరిగేదాకా ఆగి ఏడిచింది."

అద్దం ఇవతల రాజుగారు సర్దుకుని కూర్చున్నారు. నా కళ్ళు లెవెల్ చూపించే మీటరు ముల్లు మీద ఉన్నాయి. ఆవిడ కూర్చుండిపోతారేమో, మంగ బయటికి వచ్చేస్తుందేమో అనుకున్నాను. నాకు భయం వేసింది. ఆ పిల్ల ఏడవలేదన్న ఒక్క ధైర్యం మీద ఆవిడ ఇన్నేళ్ళు బతికారు. అది లేకపోతే ఆవిడ ఎలా నిలబడతారో నాకు తోచలేదు.

ఆవిడ నిలబడే ఉన్నారు. వంత అన్నది కథలో కలుపుకోవాలి, అది ఆవిడ పెట్టుకున్న కట్టుబాటే. గొంతు సవరించుకుని తంబురా మీటారు. రాసుకున్నది కాదు, అప్పటికప్పుడు కట్టింది:

"మలుపు తిరిగేదాక ఆగి ఏడిచెనంట నా చిన్నితల్లి
మాట తప్పినదమ్మ, తల్లి మాట తప్పినదమ్మ నా చిన్నితల్లి"

ఆ చరణం పాడుతూ ఆవిడ గొంతు రెండుచోట్ల విరిగింది. అన్ని గంటల రికార్డింగులో విరగడం అప్పుడే. ముగించి మంగ వైపు చూశారు.

మంగ డక్కీ మీద దెబ్బ వేసింది. "ఊఁ" అంది. తరవాత, "తందాన తాన" అని అందుకుంది.

పాట చివరిదాకా సాగింది. అయ్యాక నేను లోపలికి వెళ్ళి, కావాలంటే ఆ మాటలు తీసేసి చరణం నుంచి చరణానికి అతికిస్తాను, ఎవరికీ తెలియదు అని చెప్పాను. అది నాకు బాగా వచ్చిన పని. ఆవిడ నన్ను కాదు, మంగని చూశారు. మంగ డక్కీ తాడు సర్దుకుంటూ, "ఉండనివ్వండి" అంది. రాజుగారు అడ్డు చెప్పలేదు. ఆయన అప్పటికే జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, అక్కర్లేకపోయినా.

వాళ్ళు వెళ్ళేటప్పుడు మెట్ల దాకా నేనూ వెళ్ళాను. మోకాళ్ళ నొప్పి వల్ల వీరవేణమ్మగారు ఒక్కో మెట్టూ ఆగి దిగుతున్నారు. మంగ కింద మెట్టు మీద ఉండి చెయ్యి అందిస్తోంది. సగం దిగాక ఆవిడ మెల్లిగా అడిగారు.

"ఎంతసేపు ఏడిచేవే?"

"అన్నం పెట్టేదాకా," అంది మంగ. "మెట్టు చూసుకో పిన్నీ."

ఆ కేసెట్టు పెద్దగా అమ్ముడుపోలేదు. రాజుగారి లెక్క తప్పలేదు. మరికొన్నాళ్ళకి కేసెట్లే పోయాయి, సీడీలు వచ్చాయి, నా స్పూల్ యంత్రం మూలన పడింది. ఇప్పుడు గొంతులో ఏ చిన్న లోపమున్నా కంప్యూటరు మీద చెరిపెయ్యొచ్చు, నేనూ చెరుపుతాను, అదే నా బతుకుతెరువు. కానీ ఎవరైనా తమ ఇంటి కథ పాడుకుంటామని వస్తే, ఒంటరిగా పాడించను. ఊ కొట్టడానికి ఇంట్లోంచి ఒక మనిషిని వెంట తెచ్చుకోమని చెబుతాను. ఎవరిని తెమ్మంటారని అడుగుతారు. ఊ కొట్టడానికి కాస్త వెనకాడే మనిషినే తెచ్చుకోమంటాను.