పచ్చగన్నేరు కింద కాపలా

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున నేను కూరగాయలకని బయల్దేరుతుంటే ఆమె కొడుకు గేటు దగ్గర నిలబడి, "అమ్మ లేస్తలేదు వదినా" అన్నాడు. నిద్రలోనే వెళ్లిపోయింది. వచ్చినవాళ్లంతా మంచి చావన్నారు. నాకా మాట రుచించలేదు. చావులో మంచేమిటి?

హనుమకొండలో మా గల్లీకి ఆమె ఇంటి ముందరి పచ్చగన్నేరే గుర్తు. శివుడి పూజకని అందరూ ఆ పూలే కోసుకుపోతారు. పువ్వు దేవుడిది, కాయ మాత్రం విషం. పెద్దమ్మ తెల్లారగానే ఒకసారి, మాపటికి ఒకసారి రాలిన కాయలన్నీ ఏరి, సంచిలో మూటగట్టి, చెత్తబండికి తన చేత్తోనే ఇచ్చేది. కొమ్మలు కొట్టేటప్పుడు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కునేది. కొట్టిన కొమ్మల్ని ఎవరినీ పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు, ఆ పొగ కూడా మంచిది కాదట. పూలు కోసుకున్నవాళ్లు గేటు దాటాలంటే నల్లా దగ్గర చేతులు కడగాల్సిందే. "దేవునికి పువ్వు వెట్టు, గని నోట్ల ఏలు వెట్టకు" అనేది. మేము ఆమెకు గన్నేరు పోలీసని పేరు పెట్టి నవ్వుకునేవాళ్లం.

మా హాల్లో మచ్చల ఆకుల కుండీ మొక్క ఒకటుండేది. అందంగా ఉందని నర్సరీలో కొన్నాను, పేరు కూడా తెలియదు. నా బిడ్డ అప్పుడు పాకుతోంది. పెద్దమ్మ చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి ఆ కుండీని ఎత్తి బీరువా మీద పెట్టింది.

"గా ఆకు కొరికితె నాలుక వాస్తది, గొంతు వడ్తది. పోరికి ఏడ్వనీకి గూడ రాదు."

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో ఈమె పెత్తనమేమిటి!

"గంత ఫికరున్నప్పుడు మీ చెట్టు కొట్టెయ్యరాదా పెద్దమ్మా?" అని ఒకరోజు అడిగేశాను. చాటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. అప్పుడు చెప్పింది. ఆమె పెద్దబిడ్డ, మూడేళ్లది, కాయ పగలగొట్టి గింజ తిన్నది. ఎవరూ చూడలేదు. వాంతులు మొదలైతే దిష్టన్నారు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదు. "అమ్మో, ఎంత దిష్టో!" అని మళ్లీ తిప్పారు. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. పిల్ల దక్కలేదు.

"తిప్పింది నేనే బిడ్డా. వాంతయితె దిష్టి తర్వాత, దవాఖాన ముందు. తిన్న కాయో ఆకో కవర్ల ఏస్కొని డాక్టర్‌కు చూపియ్యాలె. ఉప్పునీళ్లు తాగిచ్చి కక్కియ్యొద్దు. గప్పుడు నాకెవలు చెప్పిన్రు?" మళ్లీ బియ్యం ఏరుతూ అంది, "ఇది కొట్టేస్తె ఊర్ల ఇంకోటి లేదా? ఇదైతె నా కండ్ల ముందటుంటది."

ఆ తర్వాత నేనామెను పోలీసనలేదు. ఈ గల్లీలో ఇంతమంది పిల్లలు ఆ చెట్టు కిందే ఆడి పెద్దవాళ్లయ్యారు. నా బిడ్డ కాలేజీకి పోతోంది. అంతా ఆమె చలవే.

నిన్న ఆమె కొడుకూ కోడలూ డ్యూటీకి పోయారు. బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా చూస్తే, ఎదురింట్లో కొత్తగా అద్దెకొచ్చినవాళ్ల పాప చెట్టు కింద ఒక్కతే కూర్చుని ఉంది. పరుగెత్తి వెళ్లి నోరు తెరిపించి చూశాను. ఏమీ లేదు. చెయ్యి పట్టి లాగేసరికి బావురుమంది. వాళ్లమ్మ ఉరికొచ్చి, "ఒక్క కాయకు గంత లొల్లేంది అక్కా?" అంది. అప్పుడే కిందికి చూశాను.

పాప ముందు ఒక బాదం ఆకు పరిచి ఉంది. దాని మీద రాయితో నూరిన తెల్లటి గన్నేరు గింజల ముద్ద, ఆ ముద్ద మీద పప్పులాగా పచ్చటి పూరేకులు. దాని పక్కనే ఇంకో ఆకు, అలాగే వడ్డించి ఉంది.

"ఇది ఎవరికే?" అన్నాను.

పాప ముక్కు తుడుచుకుంది. "గది మా తమ్మునికి. లేసినంక తింటడు."